రిస్క్ ప్రొఫైల్ ప్రశ్నావళి: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మ్యూచువల్ ఫండ్ ఖాతా తెరిచేటప్పుడు కొన్ని ప్రశ్నలు అడిగి, మనం ‘కన్జర్వేటివ్’ (రిస్క్ వద్దనే రకం), ‘మోడరేట్’ (మధ్యరకం), ‘అగ్రెసివ్’ (ఎక్కువ రిస్క్‌కు సిద్ధపడే రకం)లలో ఏదో ఒకటని తేల్చే ప్రశ్నావళి ఉంటుంది కదా, దాన్ని 2018 నుంచి వాడుతున్నాను. ఏటా మళ్లీ నింపుతాను. పనికొస్తుంది. కాకపోతే ఒక్కసారి వచ్చిన స్కోరును నమ్ముకుని లక్షలు పెట్టడానికి మాత్రం చాలదు.

‘మీ పెట్టుబడి 20 శాతం పడిపోతే ఏం చేస్తారు?’ అన్న ప్రశ్ననే చూడండి. 2020 జనవరిలో, నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 12,000 పైన ఉన్నప్పుడు, ‘ఇంకా కొంటాను’ అని టిక్ పెట్టాను. మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 13 శాతం పడి 7,610 దగ్గర ఆగింది. ఆ వారంలో మళ్లీ నింపితే ‘అగ్రెసివ్’ కాస్తా ‘మోడరేట్’ అయింది. జీతం అదే, హోమ్ లోన్ అదే. మార్కెట్ బాగుంటే ధైర్యం, పడితే టెన్షన్. స్కోరు దాని వెంటే పోయింది. అందుకే పాత స్కోర్లన్నీ దాచి, వాటిలో అన్నిటికన్నా తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటాను.

ఫండ్‌లో ఎంత రిస్క్ ఉందో మెట్లుగా చూపే రిస్కోమీటర్ ఒకటి ఫండ్ల మీద కనిపిస్తుంది. అది వేరే. 2021 జనవరి నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అందులో ‘చాలా ఎక్కువ’ అనే ఆరో మెట్టు చేర్చింది. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లు దాదాపు అన్నీ అక్కడే ఉంటాయి. బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లను పోల్చుకోవడానికి బాగుంటుంది. మనం ఎంత తట్టుకోగలమో అది చెప్పదు.

మాకు నిజంగా దారి చూపించింది రూపాయల లెక్క. ‘30 శాతం పడొచ్చు’ అంటే మా ఆవిడ తలూపి ఊరుకుంది. కాగితం మీద 15 లక్షలు రాసి, కింద నాలుగున్నర లక్షలు తీసేసి చూపించాను. వెంటనే, ‘అది పాప ఇంజనీరింగ్ ఫీజు డబ్బు కదండీ, రెండేళ్లలో కట్టాలి’ అంది. నేను నింపిన ప్రశ్నావళి అడగని మాట అది. ఫీజు మొత్తాన్ని ఎఫ్‌డీలోకి మార్చేశాం. రిటైర్మెంట్ కోసం నడిచే ఇండెక్స్ ఫండ్ (సూచీలోని షేర్లనే కొనే ఫండ్) సిప్, అంటే నెలనెలా కట్టే వాయిదా, మాత్రం కదపలేదు. ఆ తర్వాత 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ 6 శాతం దాకా పడినా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు.

ఈ ప్రశ్నావళి ఇచ్చే యాప్‌వాళ్లు శాతాల పక్కనే మన సొంత మొత్తం ప్రకారం రూపాయలు కూడా చూపించాలి. ఒక్కో లక్ష్యానికి డబ్బు ఏ ఏడాది కావాలో విడిగా అడగాలి. అంతవరకు భార్యాభర్తలు ఎవరికి వారు నింపి, తర్వాత జవాబులు పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.