సాలిగ్రామం స్టూడియోలో లిజనింగ్ సెషన్: రూ. 500కు నాకు దక్కినది

వడపళని మెట్రో స్టేషన్‌లో దిగి సాలిగ్రామం వైపు వెళితే, ఆర్కాట్ రోడ్డుకు లోపలి వీధుల్లో డబ్బింగ్ థియేటర్లూ చిన్న చిన్న రికార్డింగ్ స్టూడియోలూ వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒక స్టూడియో, సొంతంగా పాటలు రాసి బాణీ కట్టుకుని ఇంట్లోనే రికార్డు చేసుకునే తెలుగువాళ్ల కోసం, నెలకొక ఆదివారం సాయంత్రం లిజనింగ్ సెషన్ నడుపుతోంది. రుసుము మనిషికి రూ. 500. పది మందికి మించి తీసుకోరు. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక పాట వినిపించాలి, తక్కిన తొమ్మిది మంది పాటలూ విని అభిప్రాయం చెప్పాలి. మూడు నెలలుగా వెళ్తున్నాను కనుక మంచీ చెడూ రెండూ రాయగలను.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చినది నిర్వాహకుడు పెట్టిన ఒక కట్టడి. పాట వినిపించే ముందు రచయిత ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఆ రోజు జలుబు చేసిందనీ, ఇది ఇంకా రఫ్ ట్రాకేననీ, మైకు పాతదనీ మనమంతా చెప్పుకునే సంజాయిషీలకు అక్కడ చోటు లేదు. పాటను మొదట పెద్ద స్పీకర్లలో, ఆ వెంటనే మామూలు సెల్‌ఫోన్‌లో వినిపిస్తారు. అంతకుముందే పది పాటల శబ్ద స్థాయినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర సమం చేసి పెట్టుకుంటారు. ఇది చాదస్తమని మొదట అనుకున్నాను గానీ, ఒకే పాటను కాస్త పెంచి వినిపిస్తే అదే బాగుందని చెవి మోసపోతుందని మొదటి రోజే మా అందరి మీదా ప్రయోగించి చూపించాక, నోరు మూసుకున్నాను. విన్న తరువాత పది నిమిషాలు అభిప్రాయాలు చెబుతారు. ఆ పది నిమిషాల్లో రచయితకు అనుమతి ఉన్న ప్రశ్న ఒక్కటే: ‘ఏ చోట?’

నా మొదటి పాట సంగతి చెబితే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. పల్లవి ‘మరిచిపోయిన ఊరు’ అని మొదలవుతుంది. ఆది తాళం, నెమ్మది నడక. సమం (తాళంలో మొదటి దెబ్బ) మీద మొదలు పెడితే నిండుగా ఉంటుందని మొదటి అక్షరమైన ‘మ’ను రెండు దెబ్బల దాకా సాగదీశాను. పూర్వం సినిమా రికార్డింగులలో తబలా వాయించిన నెల్లూరు పెద్దాయన ఒకరు ఈ సెషన్‌కు వస్తుంటారు. అందరూ ఆయన్ను గురువుగారూ అంటారు. పాట ఆగగానే ఆయన, ‘ఏం నాయనా, ఇది మరిచిపోయిన ఊరా, మారీచుడు పోయిన ఊరా?’ అన్నారు. గది గదంతా నవ్వింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. చరణంలో భావం చూడండని వాదించబోయి, కట్టడి గుర్తొచ్చి ‘ఏ చోట?’ అని మాత్రం అడిగాను. అప్పుడాయన మాటను వేళ్ల మీద విడగొట్టి చూపించారు. మ, రి, చి మూడూ లఘువులు. ఆ మాటలో దీర్ఘం ఉన్నది ‘పో’ దగ్గర. బాణీ లఘువును సాగదీసి గురువైన ‘పో’ను తొక్కేస్తే వినేవాడికి వేరే మాట వినిపించడంలో వింత ఏముంది? వాయిద్యాలన్నీ గాయకుడితో కలిసి ఒకే టేకులో రికార్డయ్యే రోజుల్లో ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాల్సి వచ్చేదనీ, అందుకే ఇలాంటివన్నీ రిహార్సల్లోనే తేల్చుకునేవారనీ ఆయన చెప్పారు. ఇంటికి వెళ్లి ‘మరిచి’ అన్న మూడక్షరాలనూ సమానికి ముందే పలికేసి, ‘పో’ సరిగ్గా సమం మీద పడేలా ఎత్తుగడ మార్చాను. స్వరాలు ఒక్కటీ మారలేదు, మాట మాత్రం మాటలా వినిపించింది. నాలుగు నెలలుగా స్నేహితులకు వినిపిస్తూ ‘సూపర్’ అనిపించుకున్న పాట అది. ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు.

అభిప్రాయం వినడం కన్నా చెప్పడమే కష్టమని రెండో నెల తెలిసింది. చెన్నైలోనే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి, డిసెంబరు వాన మీద రాసిన పాట వినిపించింది. ‘చలి’లో ‘చ’ను ఆమె ‘చిలుక’లోని ‘చ’లాగా పలికింది. మన గుంటూరు వైపు దంత్యంగా, ‘త్స’కు దగ్గరగా పలుకుతామని నేను కాస్త పెద్దరికంగానే చెప్పాను. ఆ పది నిమిషాలూ అయ్యాక ఆమె, ‘మా తాతగారి దగ్గర నుంచీ ఇంట్లో అందరం ఇలాగే అంటామండీ, మార్చుకోవాలా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పాట నడిచేది చెన్నై వీధిలో, పాడేది ఆ ఇంటి పిల్ల. అక్కడ గుంటూరు ఉచ్చారణ ఎందుకని నిర్వాహకుడు అన్నాడు. అచ్చ తెలుగు చెవికి ఆ ‘చ’ ఇప్పటికీ గుచ్చుకుంటుందనే నా నమ్మకం, అయినా ఆ పాట మటుకు ఆయన మాటే సబబు. అదే పాటలో రెండో చరణం ముందు సంగీతం మరీ సాగుతోందని నేనన్నది మాత్రం నిలబడింది. ఎందుకంటే ఈసారి ఆవర్తాలు (తాళం పూర్తి చుట్లు) లెక్కపెట్టి, పదహారు ఉన్నచోట ఎనిమిది చాలని చెప్పాను. మరుసటి నెల ఆమె ఎనిమిదే ఉంచుకుని వచ్చింది.

ఇక ఫిర్యాదులు. గది చిన్నది, వెనక వరుస కుర్చీలు గోడకు ఆనుకుని ఉంటాయి. గోడ దగ్గర, మరీ ముఖ్యంగా మూలల్లో, బేస్ పోగుపడి అసలు కన్నా ఎక్కువగా వినిపిస్తుంది. అది తెలియక వెనక మూలన కూర్చుని, నా పాటలో బేస్ ఎక్కువైందని నమ్మి ఇంట్లో తగ్గిస్తే, ఇయర్‌ఫోన్లలో పాట పీలగా తేలిపోయింది. ఒక వారం వృథా. రెండోది, మూడు రోజుల్లో పంపుతామన్న రాతపూర్వక అభిప్రాయం పదకొండో రోజున వచ్చింది, అదీ రెండు వాక్యాలు. ఆ రెండింటిలో ఒకటి వాళ్ల మిక్సింగ్ ప్యాకేజీ గురించి. సెషన్ చివర కూడా ఆ ప్యాకేజీ ప్రసంగం పావుగంట నడుస్తుంది, దానివల్ల ఆఖరి పాటకు పది నిమిషాలకు బదులు నాలుగే దక్కుతాయి. పేర్లు ఇచ్చిన వరుసలోనే పాటలు వినిపిస్తారు కనుక ముందుగా నమోదు చేసుకోవడం మంచిది.

వెళ్లదలచినవారు పాటను వావ్ (.wav) ఫైలుగా, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపాలి. ఆడియోగా పంపితే కుదించుకుపోయే ప్రమాదం ఉంది. సాహిత్యం పది ప్రతులు తీసుకెళితే ‘ఏ చోట?’కు జవాబు వేలితో చూపించవచ్చు. రికార్డింగులో సన్నగా ‘బుమ్’ మనే మోత ఉంటే అది సాధారణంగా కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద ఇంకోసారి రికార్డు చేసి చూడండి, దాని మీద అక్కడ అయిదు నిమిషాలు ఖర్చు చేయడం దండగ. ఆర్కాట్ రోడ్డు మీద ఆటో ఎంతసేపు నిలిచిపోతుందో చెప్పలేం, అరగంట ముందే బయలుదేరండి. వచ్చే నెలకు నేను మూడో పేరుగా నమోదు చేసుకున్నాను, ముందు వరుసలో.