బ్యాటరీ లైటు వెలిగిన కారుకు డీటీ-830డీ మీటరు ఎంతవరకు సరిపోతుంది

పసుపు రంగు డబ్బా, మధ్యలో నల్ల నాబ్, ధర రెండు మూడు వందల రూపాయలు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనే కాదు, ఓ మోస్తరు ఊళ్లో ఎలక్ట్రికల్ షాపులో అడిగినా వోల్టులు, ఓములు కొలిచే ఈ డీటీ-830డీ మల్టీమీటరు తీసి ఇస్తారు. కారు చార్జింగ్ లోపాల్లో చాలా వాటిని ఈ మీటరుతో ఇంటి ముందే తేల్చుకోవచ్చు. డాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు కనబడగానే కొత్త బ్యాటరీ కొనేయడం మన దగ్గర మామూలైపోయింది. ఇంజిన్ నడుస్తుండగా ఆ లైటు వెలిగిందంటే డైనమో (బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్) నుంచి చార్జింగ్ సరిగా రావడం లేదని అర్థం. బ్యాటరీ బాగున్నా వెలుగుతుంది, బ్యాటరీ చివరి దశలో ఉన్నా వెలగకపోవచ్చు.

నాబ్‌ను డీసీ 20 దగ్గర పెడితే రెండు దశాంశాల వరకు చూపిస్తుంది. 14 వోల్టుల దగ్గర దాదాపు 0.1 వోల్టు అటూ ఇటూ ఉండొచ్చు. ఈ పనికి అది చాలు. అయితే లోపల ఉండే 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు ఈ రకం మీటర్లు అంకెను తక్కువగా కాదు, ఎక్కువగా చూపిస్తాయి. చార్జింగ్ లేని కారుకు చార్జింగ్ ఉన్నట్టు కనిపించేది ఇలాగే. అందుకని కారును ముట్టుకునే ముందు 2000ఎం (2000 మిల్లీవోల్టుల) రేంజిలో కొత్త పెన్‌సిల్ సెల్లు ఒకటి కొలవండి. 1550 నుంచి 1620 మధ్య వస్తే మీటరును నమ్మొచ్చు.

రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0 కిందికి దిగితే ముందు చార్జర్ పెట్టాల్సిందే. అప్పుడే తిరిగొచ్చిన కారైతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాస్త ఆగి కొలవాలి. లేకపోతే పైపై చార్జి మోసం చేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే బ్యాటరీ మీద అనుమానపడాలి. ఈ మీటరు అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది కాబట్టి తొలి క్షణంలో పడే లోతు దీనికి అందదు. సెల్ఫ్ తిరుగుతుండగా నిలబడ్డ అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 ఉండాలి. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, అది బ్యాటరీ నీళ్లను ఉడికించేస్తుంది. ఎక్సలేటర్ ఇచ్చినా 12.5 దగ్గరే ఉండి నెమ్మదిగా దిగుతుంటే చార్జింగ్ రావడం లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. నెగెటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉన్న ఇప్పటి కార్లలో ఇంజిన్ కంప్యూటరే చార్జింగును తగ్గించి పెంచుతుంటుంది. ఎర్ర లైటు లేకుండా 12.8 కనబడిందని డైనమో విప్పించకండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి, చాలా కార్లలో అంకె పైకి లేస్తుంది.

మీటరు కన్నా ముందు కళ్లతో చూడాల్సింది బెల్టు. లైటుతో పాటు ఇంజిన్ వేడి ముల్లు కూడా పెరుగుతుంటే, వాటర్ పంపు అదే బెల్టు మీద నడిచే కార్లలో బెల్టు తెగిందనే అర్థం. వెంటనే ఇంజిన్ ఆపేయాలి. నాలుగు కిలోమీటర్లు పోనిద్దాం అనుకుంటే హెడ్ గాస్కెట్ పోతుంది.

తర్వాత, తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా లైటు చూడండి. అప్పుడు వెలగాలి. మామూలు బల్బు సర్క్యూట్ ఉన్న కార్లలో డైనమోకు తొలి ఊపు ఇచ్చేది ఆ బల్బు గుండా వచ్చే కరెంటే. తాళం ఆన్‌లో కూడా వెలగలేదంటే బల్బు, ఫ్యూజు, బల్బు నుంచి డైనమోకు వెళ్లే ఎల్ వైరు, దాన్ని డైనమోకు కలిపే కప్లర్ వీటిలో ఏదో తెగింది. ఇంజిన్ ఆన్ చేశాక కూడా ఆరకపోతే ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లోనే ఉంచి డైనమో వెనక కప్లర్ పీకండి. లైటు ఆరితే వైరింగ్ బాగుంది, లోపం డైనమో లోపల. ఆరకపోతే ఎల్ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఐడిల్‌లో మిణుకుమని, ఎక్సలేటర్ ఇస్తే ఆరిపోతే, డైనమో లోపల తిరిగే రింగులకు ఆనుకుని కరెంటు అందించే బ్రష్‌లు అరగడమో బెల్టు జారడమో చూడాలి.

ఈ మీటరు తన ధరకు పదింతలు పని చేసేది వోల్టేజ్ డ్రాప్ (వైర్లలో, జాయింట్లలో దారి మధ్యే పోయే వోల్టేజి) కొలతలో. రోడ్డు పక్క షాపుల్లో ఈ కొలత తీసేవాళ్లు అరుదు, మంచి డైనమోలు అనవసరంగా మారిపోయేది ఇక్కడే. ముందు ఇంజిన్ ఆపి, డైనమో వెనక మందపాటి వైరు బిగించిన బి-ప్లస్ బోల్టుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలవండి. బ్యాటరీ వోల్టేజే రావాలి. సున్నా వస్తే మెయిన్ ఫ్యూజు పోయింది, డైనమోది తప్పు కాదు. (ఆ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగలనివ్వకండి.) తర్వాత క్రొకడైల్ క్లిప్పులతో ఒక కొస బి-ప్లస్‌కు, ఇంకో కొస బ్యాటరీ పాజిటివ్ సీసపు మొలకు పెట్టండి. మొల మీదే, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు. తెల్లటి, పచ్చటి చిలుము పేరుకునేది ఆ రెంటి మధ్యే కదా. ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, హైబీమ్, బ్లోయర్, వెనకద్దం హీటర్ అన్నీ వేసి 2000ఎం రేంజిలో చదవండి. 200 లోపు అంటే బాగుంది. 300 దాటితే లగ్గు (వైరు చివరి రింగు), క్లాంపు, ఫ్యూజు బోల్టు విప్పి గీకి బిగించాలి. ఎర్త్ వైపు డైనమో బాడీ నుంచి నెగెటివ్ మొల వరకు 100 లోపే ఉండాలి. అక్కడ 400 వస్తే ఇంజిన్ ఎర్త్ పట్టీ చివికిపోయిందన్నమాట. కొత్త పట్టీ ధర డైనమో ధరలో ఓ మూలకు రాదు.

కప్లర్ పీకే పరీక్షలో లోపం డైనమో లోపలే అని తేలినా మొత్తం మార్చనక్కర్లేదు. విప్పాక 200 ఓముల రేంజిలో బ్రష్‌లు ఆనే రెండు స్లిప్ రింగుల మధ్య కొలిస్తే 2 నుంచి 5 వరకు రావాలి. రింగుకూ షాఫ్టుకూ మధ్య అసలు కలవకూడదు. ఈ రెండూ బాగుండి బ్రష్‌లు అరిగి ఉంటే బ్రష్‌లతో సహా రెగ్యులేటర్ సెట్టు వేయిస్తే సరిపోతుంది.

ఈ మీటరు చేయలేని పనులు కూడా ఉన్నాయి. డైనమో లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ ప్లేటు పోయిందో లేదో తెలుసుకోవడానికి నాబ్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద కొలవమని చాలామంది చెబుతారు. ఈ మీటరుతో ఆ పరీక్ష చెల్లదు. దీని ఏసీ వైపు డీసీని అడ్డుకునే కెపాసిటర్ లేదు. మామూలు బ్యాటరీనే ఏసీ 200లో కొలిస్తే అసలు వోల్టేజికి రెట్టింపు అంకె వస్తుంది, ప్రోబులు (మీటరు వైర్ల కొసలు) తిప్పిపెడితే సున్నా అవుతుంది. అది చూసి డయోడ్లు పోయాయని తేల్చేస్తే నష్టమే. రెండోది 10 ఆంపియర్ల రంధ్రం. దానికి ఫ్యూజు లేదు. ఎర్ర వైరు అందులో మరిచిపోయి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే, వైరు చేతిలోనే కరుగుతుంది. ఆ రంధ్రానికి టేపు అంటించి పెట్టుకోవడం మంచిది.

రాత్రిపూట బ్యాటరీ దిగిపోతుంటే ఆంపియర్లలో కొలవకుండానే దారి ఉంది. కారు లాక్ చేసి అరగంట ఆగి, డీసీ వోల్టుల వైపు 200ఎం (200 మిల్లీవోల్టుల) రేంజిలో ఒక్కో ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య కొలవండి. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 0.7 మిల్లీవోల్టులు కనబడితే అందులో సుమారు 100 మిల్లీఆంపియర్లు పోతున్నట్టు. కారు మొత్తానికి 50 దాటకూడదు. ఇది తరచూ చేసే పనైతే యూఎన్‌ఐ-టీ వారి యూటీ210ఈ క్లాంప్ మీటరు మేలు. 2 ఆంపియర్ల రేంజిలో 1 మిల్లీఆంపియర్ వరకు చూపిస్తుంది, వైరు విప్పే పనే లేదు. లైటర్ సాకెట్‌లో గుచ్చే వోల్ట్‌మీటర్లు మాత్రం నడుస్తుండగా ఓ కన్నేసి ఉంచడానికే. మధ్యలో వైరింగ్ మింగేది పోగా అసలు కన్నా తక్కువే చూపిస్తాయి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది" అనే పాత పరీక్షను ఎవరినీ చేయనివ్వకండి. ఆ క్షణంలో లేచే వోల్టేజ్ ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీఎంను కాల్చేయగలదు.

కొనేటప్పుడు షాపులోనే నాబ్‌ను బజర్ దగ్గర పెట్టి, ప్రోబుల కొసలు కలిపి పట్టుకుని వైర్ల మెడలు అటూ ఇటూ వంచి చూడండి. మోత తెగితే ఇంకో జత వైర్లు అడగండి. ఈ మీటర్లో ముందుగా పోయేవి అవే.