రొమ్ము సిలికాన్ ఇంప్లాంట్లు, పన్నెండేళ్ల వాడకం: గట్టిపడితే ఎలా తెలుస్తుంది, ఏది పనిచేస్తుంది

ముందు వాడినవేమిటో చెప్పకపోతే రివ్యూకి విలువ ఉండదు. రెండు వైపులా సిలికాన్ జెల్, రౌండ్, స్మూత్ రకం, 275 సీసీ. కండరం పైన, గ్రంథి కింద పెట్టినవి. కోత రొమ్ము కింది మడతలో. ఎడమది తొమ్మిదో ఏట గట్టిపడి, గట్టిదనాన్ని 1 నుంచి 4 వరకు కొలిచే మార్కుల్లో గ్రేడ్ 3కి వచ్చింది. ఎంఆర్‌ఐలో సంచి చిరిగినట్టు తేలితే, దాని చుట్టూ పెరిగిన పొర ఒలిచి, కొత్తది కండరం కింద పెట్టారు. కుడిది ఇప్పటికీ మొదటిదే, గ్రేడ్ 2 దగ్గర ఆగి ఉంది. అంటే ఈ రివ్యూలో మందులూ ఆపరేషనూ రెండూ ఉన్నాయి.

కంపెనీ అమ్మేది సిలికాన్ సంచి. ఏళ్ల తరబడి కాపురం చేయాల్సింది మాత్రం దాని చుట్టూ మన ఒళ్లు అల్లుకునే పొరతో. బయటి వస్తువు ఏది లోపల పెట్టినా ఒళ్లు దాని చుట్టూ కొల్లాజెన్ గోడ కట్టుకుంటుంది, పేస్‌మేకర్‌కైనా అంతే. పొర రావడం జబ్బు కాదు. అది మందమై బిగుసుకుంటే దాన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. గాయం మానేటప్పుడు చర్మాన్ని దగ్గరికి లాగే మయోఫైబ్రోబ్లాస్ట్ కణాలే ఇక్కడ పొరనీ లాగుతాయి. లోపలి జెల్ తగ్గదు, అదుండే గది ఇరుకవుతుంది. అంతే జెల్‌ని అతి తక్కువ గుడ్డలో చుట్టమంటే బంతి ఆకారం తప్ప గతి లేదు. గట్టిపడిన రొమ్ము గుండ్రంగా, పైకి ఎక్కినట్టు కనిపించడానికి కారణం ఇదే. అందరూ “ఇంప్లాంట్ గట్టిపడింది” అంటారు గానీ, ఆపరేషన్‌లో తీసి ట్రేలో పెడితే అది పెట్టిననాటి మెత్తదనంతోనే ఉంటుంది.

పొర ఎందుకు బిగుస్తుందన్నదానికి ఒకే జవాబు లేదు. ఎక్కువ మంది సర్జన్లు చెప్పేది బయోఫిల్మ్ గురించి. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా సంచి పైన సన్నటి జిగురు పొరలా అంటుకుని, జ్వరమూ చీమూ లేకుండానే లోలోపల మంట పెడుతూ ఉంటుంది. పాల నాళాల్లోనూ బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి చనుమొన చుట్టూ ఇచ్చే కోత కంటే కింది మడత కోత మేలు. ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టి ఉండిపోయినా, నీరు చేరినా ముప్పు పెరుగుతుంది. కండరం పైన పెట్టినవాటికి, కింద పెట్టినవాటికంటే ఎక్కువ. క్యాన్సర్ తర్వాత రేడియేషన్ పడిన రొమ్ముకైతే మరీ ఎక్కువ.

లక్షణాల్లో నొప్పి చివరగా వస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే రెండు గ్రేడ్లు దాటిపోతాయి. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షల్లో బాగా పనికొచ్చింది వెల్లకిలా పడుకుని చూసుకోవడం. దిండు తీసేసి, చేతులు పక్కన పెట్టుకుని పడుకుంటే మెత్తగా ఉన్న రొమ్ము కాస్త చంక వైపు జారుతుంది. బిగుసుకున్నది జారదు, బోర్లించిన గిన్నెలా నిలబడే ఉంటుంది. అదే భంగిమలో నాలుగు వేళ్లతో ఇంప్లాంట్‌ని మెల్లగా పైకి, లోపలికి నెట్టి చూడాలి. మొదట్లో వేలెడు దూరం కదిలేది అంగుళంలో సగం కూడా కదలకపోతే గది ఇరుకవుతున్నట్టే. నెలకోసారి చాలు. రోజూ తడుముకుంటే తేడా తెలియకపోగా బెంగ పట్టుకుంటుంది. మూడు నెలలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరం నుంచి ఎదురుగా, రెండు పక్కల నుంచి, చేతులు పైకెత్తి ఫోటోలు తీసి పెట్టుకుంటే డాక్టర్ దగ్గర మాటలతో పని తక్కువ.

ఇంకో గుర్తు బ్లౌజు. ఆరు నెలల కిందట సరిగ్గా కుదిరిన బ్లౌజులో ఒక వైపు టక్కు కొన రొమ్ము మొన కంటే కిందికి పడుతుంది, ఆ వైపు కింద గుడ్డ ఖాళీగా ముడతపడుతుంది. టైలర్‌ని తిట్టే ముందు అద్దంలో చనుమొనలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. బోర్లా పడుకుంటే ఒక వైపు రాయి మీద పడుకున్నట్టుండటం, సిటీ బస్సులో పైన రాడ్డు పట్టుకుంటే ఆ వైపు లాగినట్టుండటం ఆ తర్వాత వచ్చేవి.

డాక్టర్లు వాడేది బేకర్ కొలత. ముట్టుకుంటే మెత్తగా, మామూలుగా ఉంటే 1. చేతికి కొంచెం గట్టిగా తెలుస్తూ చూపుకి తేడా లేకపోతే 2. గట్టిదనంతో పాటు ఆకారమూ మారితే 3. దానికి నొప్పి తోడైతే 4. ఇది చేత్తోనూ కంటితోనూ వేసే మార్కు. ఒకరు 2 అన్నది ఇంకొకరు 3 అంటే తప్పు పట్టనక్కర్లేదు. ఒకే డాక్టర్ ఆరు నెలల తేడాతో వేసిన రెండు మార్కులు ఎక్కువ పనికొస్తాయి.

కాంట్రాక్చర్ అనిపించి కానివి కొన్ని ఉన్నాయి. కండరం కింద పెట్టినవాళ్లు నడుం మీద చేతులు ఆనించి గట్టిగా నొక్కితే రొమ్ము ఎగిరి పక్కకి జరుగుతుంది, వదిలేస్తే మళ్లీ చోటికి వస్తుంది. అది కండరం పని. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్, ఆ రోజే చూపించాలి. ఏళ్ల తర్వాత ఒక వైపు ఉన్నట్టుండి ఉబ్బి నీరు చేరితే దాన్ని అసలు వదలకూడదు. టెక్స్‌చర్డ్, అంటే గరుకు పైపొర ఉన్న రకాలతో ముడిపడిన బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) ఎక్కువగా ఇలాగే బయటపడుతుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో ఆ నీరు తీసి, ఆ లింఫోమా కణాల్ని పట్టే సీడీ30 పరీక్షకి పంపాలి. నీరు తీసి పారేసి “తగ్గిపోతుంది” అన్నవాళ్ల దగ్గర ఆగవద్దు. పొర తక్కువ బిగుస్తుందని ఒకప్పుడు టెక్స్‌చర్డ్‌ని మెచ్చుకున్నారు. ఈ లింఫోమా వల్లే 2019 జులైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఇంప్లాంట్‌తో ఇచ్చిన కార్డు మీద ఆ పేరుంటే, లక్షణాలు లేకపోయినా సర్జన్‌కి ఒకసారి చూపించాలి. ఏ బాధా లేకపోతే తీయించుకోవాల్సిన పని లేదని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పుడే చెప్పింది.

స్కాన్ విషయంలో డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఎంఆర్‌ఐ గ్రేడు చెప్పదు, సంచి చిరిగిందా లేదా చెబుతుంది. “ఎంఆర్‌ఐ నార్మల్, కాబట్టి కాంట్రాక్చర్ లేదు” అన్న మాట తప్పు. చిరుగు చూడటానికి రంగు ఇంజెక్షన్ అక్కర్లేదు, సిలికాన్‌ని విడిగా చూపే సీక్వెన్స్‌లు కావాలి. రిక్వెస్ట్ కాగితం మీద “ఇంప్లాంట్ రప్చర్” అని రాయించుకోకపోతే సెంటర్ వాళ్లు క్యాన్సర్ కోసం చేసే ఎంఆర్‌ఐ చేసి పంపుతారు. చిరిగిన సంచి తొడుగు జెల్‌లో మడతలు మడతలుగా తేలుతూ సేమ్యాలా కనిపిస్తుంది. పొర ఎక్కువగా బిగుసుకునేది మొదటి ఒకటి రెండేళ్లలోనే. ఏడెనిమిదేళ్లు మెత్తగా ఉండి ఆ తర్వాత గట్టిపడితే ముందు చిరుగునే అనుమానించాలి. లక్షణాలు లేనివాళ్లకి కూడా 5 నుంచి 6 ఏళ్లకి మొదటిసారి, ఆపైన 2 నుంచి 3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించమని ఎఫ్‌డీఏ సలహా. మామోగ్రామ్‌కి వెళ్తే ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి. సంచిని వెనక్కి నెట్టి తీసే ఎక్లండ్ వ్యూలు వేరుగా ఉంటాయి. గట్టిపడిన రొమ్ముకి అవి సరిగా రావు, అల్ట్రాసౌండ్ కలపాల్సి వస్తుంది.

ఆపరేషన్ లేని చికిత్సలకి మార్కులు తక్కువే. మసాజ్ స్మూత్ రకానికే, అదీ సర్జన్ చూపించిన పద్ధతిలో, మొదటి నెలల్లో గది ఇరుకు కాకుండా చూడటానికి. గ్రేడ్ 3 అయ్యాక మసాజ్‌తో వెనక్కి వచ్చేదేమీ లేదు. ఆస్తమాకి వాడే మాంటెలుకాస్ట్, జాఫిర్‌లుకాస్ట్ మాత్రలు తొలి దశలో కొందరికి మెత్తదనం తెస్తాయి. ఇది ఆ మందులకి అనుమతి ఉన్న వాడకం కాదు, రుజువులూ బలంగా లేవు. కుడి వైపు ముదరకుండా ఆగింది మాంటెలుకాస్ట్ వల్లో, దానంతట అదో తేల్చలేం. మన మెడికల్ షాపుల్లో జలుబు మాత్రతో కలిపి అడిగిందే తడవుగా ఇచ్చేస్తారు గానీ, మాంటెలుకాస్ట్‌తో నిద్ర చెడటం, దిగులు, చిరాకు రావచ్చు. 2020లో ఎఫ్‌డీఏ దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది కూడా. జాఫిర్‌లుకాస్ట్‌కి లివర్ పరీక్షలు తప్పవు. విటమిన్ ఇ వల్ల లాభం కనిపించలేదు. పైగా రక్తం పల్చబడే గుణం ఉంది కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక దాని సంగతి సర్జన్‌కి చెప్పాలి. ఇక రెండు చేతులతో రొమ్ముని బలంగా పిసికి పొరని పగలగొట్టే పాత పద్ధతి ఒకటుంది. టప్పుమని శబ్దం, వెంటనే మెత్తదనం, ఆ తర్వాత లోపల రక్తస్రావం, సంచి చిరగడం. ఎవరైనా ఇప్పటికీ అది చేస్తానంటే లేచి వచ్చేయాలి.

గ్రేడ్ 3, 4కి ఆపరేషనే. ఇందులో మాటలు తెలిసి ఉండాలి. పొరకి గాట్లు పెట్టి గది పెంచితే క్యాప్సులాటమీ. చిన్న పని, కానీ ఆ పొర అక్కడే ఉంటుంది కాబట్టి మళ్లీ బిగుసుకునే అవకాశం ఎక్కువ. పొరని తీసేస్తే క్యాప్సులెక్టమీ, కొంతైనా పూర్తిగానైనా. సోషల్ మీడియాలో అందరూ అడిగే ఎన్ బ్లాక్, అంటే పొరతో సహా మూటలా తీయడం, లింఫోమా ఉన్నవాళ్లకి కావాల్సింది. మామూలు కాంట్రాక్చర్‌కి దాని కోసం పట్టుబడితే కోత పెద్దదవుతుంది, మంచి కణజాలం పోతుంది. కండరం కింద పొర వెనక గోడ పక్కటెముకలకి అతుక్కుని ఉంటే, ఒలిచేటప్పుడు ఊపిరితిత్తి పొరకి గాయమయ్యే ముప్పుంది. ఆ ముక్కని వదిలేసిన సర్జన్‌ది బద్ధకం కాదు.

పాత సంచిని మళ్లీ పెట్టకూడదు, దాని మీద బయోఫిల్మ్ ఉండొచ్చు. కొత్తది, కొత్త గదిలో. పైన ఉన్నది కండరం కిందికి మారిస్తే తిరిగి రావడం తగ్గుతుంది. తిరగబెట్టినవాళ్లకి ఏడీఎం అనే చర్మపు పొర వాడతారు, అది బిల్లుని బాగా పెంచుతుంది. గది కడగడానికి ఏం వాడతారో అడగాలి. 500 మి.లీ. సెలైన్‌లో 50 మి.లీ. బీటాడిన్, 1 గ్రాము సెఫాజోలిన్, 80 మి.గ్రా. జెంటామైసిన్ కలిపిన ద్రవం పేరున్న పద్ధతి. సంచి ముట్టుకునే ముందు గ్లౌజులు మార్చడం, చనుమొన మీద అతుకు వేయడం, ఫన్నెల్‌తో లోపలికి జార్చడం కూడా అడగదగ్గవే. ఈ ప్రశ్నలకి చిరాకు పడే డాక్టర్ ఎంత పేరున్నవారైనా ఈ పనికి వద్దు. తీసిన పొర తప్పకుండా పాథాలజీకి వెళ్లాలి, ఆ రిపోర్ట్ చేతికి తీసుకోవాలి.

రేడియేషన్ పడిన రొమ్ములో బిగుసుకుంటే సంచి మీద సంచి మార్చుకుంటూ పోవడం కంటే వీపు కండరంతోనో పొట్ట కొవ్వుతోనో కట్టించుకోవడం మన్నుతుంది. మొత్తానికి తీయించేసుకోవడమూ చికిత్సే. రొమ్ము వాలి ఖాళీగా కనిపిస్తుంది, చర్మం సర్దుకోవడానికి నెలలు పడుతుంది, కావాలంటే లిఫ్ట్ గానీ కొవ్వు నింపడం గానీ చేస్తారు. కానీ ఈ జబ్బు మళ్లీ రాదని చెప్పగలిగేది దీనికొక్కదానికే.

ఇంటికొచ్చాక పని డ్రెయిన్‌తో, అంటే లోపల చేరే నీటిని బయటి బల్బులోకి లాగే గొట్టంతో. ముందు బొత్తాలున్న, జేబులున్న కాటన్ నైటీలు మూడు ముందే కొనుక్కోవాలి, బల్బు జేబులో పడుతుంది. ఉదయం, రాత్రి ఒకే వేళకి ఖాళీ చేసి, గాలి పోయేలా నొక్కి పట్టుకుని మూత పెట్టాలి, మి.లీ. రాసి పెట్టాలి. నొక్కకుండా మూసేస్తే అది లాగదు, నీరు లోపలే చేరుతుంది, అదే రేపటి కాంట్రాక్చర్‌కి మొదటి మెట్టు. రంగు ఎరుపు నుంచి గులాబీకి, ఆపైన పసుపుకి మారాలి. 24 గంటలకి 30 మి.లీ. లోపు వరుసగా రెండు రోజులుంటే సాధారణంగా తీసేస్తారు. ఉన్నట్టుండి చిక్కటి ఎరుపు, ఒక వైపు ఉబ్బు, బిగువు కనిపిస్తే అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు స్కూటీ వద్దు, నీళ్ల బకెట్ వద్దు, అటక మీద డబ్బా అందుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ప్రెషర్ బ్రా కింద చెమటకి మడతలో పాసిపోతుంది. తేదీ మన చేతిలో ఉంటే నవంబర్, జనవరి మధ్య పెట్టించుకోవడం సుఖం.

సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు జూబ్లీహిల్స్ బోర్డుల మీద “కాస్మెటిక్” అన్న మాట కాకుండా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ ఉందా, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా చూడాలి. నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. రెండో అభిప్రాయానికి అక్కడి ఓపీ చీటీ చాలు, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. ఎస్టిమేట్ ఒకే అంకెగా తీసుకోకుండా సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, సంచి, పాథాలజీ, డ్రెయిన్ తీసే విజిట్లు విడివిడిగా రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ పాలసీలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 08 చదవాలి. కాస్మెటిక్ సర్జరీకి డబ్బు రాదు, క్యాన్సర్, ప్రమాదం, కాలిన గాయాల తర్వాత కట్టించుకున్నదానికి మినహాయింపు ఉంది. వైద్యపరంగా అవసరమని చికిత్స చేసే డాక్టర్ ధ్రువీకరించే దారి కూడా అందులోనే ఉంది. అందానికి పెట్టించుకున్నదానికి సాధారణంగా కొట్టేస్తారు. అయినా గ్రేడ్, నొప్పి, ఎంఆర్‌ఐ చిరుగు మూడూ లెటర్‌లో ఉంటే అడగడానికి మాటంటూ ఉంటుంది.

పన్నెండేళ్ల మీద మార్కులు: మొదటి ఎనిమిదేళ్లకి పదికి ఎనిమిది, చిరిగిన ఏడాదికి రెండు, మార్చాక మూడేళ్లకి ఏడు. సీరియల్ నంబర్, లాట్ నంబర్, సీసీ, రకం ఉన్న ఇంప్లాంట్ కార్డు ఫోటో ఫోన్‌లో ఒకటి, ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఒకటి ఉంచాలి. పాత కార్డు పారేయకూడదు, కుడిది ఇంకా దాని మీదే నడుస్తోంది.