ట్రాక్ మీద టర్బో కారు: లావు రేడియేటర్ మేలా, గాలి దారి మేలా?

టర్బో బండి ట్రాక్ మీద వేడెక్కుతోంది అనగానే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా "పెద్ద రేడియేటర్ వేసెయ్ బాస్". సరే అని 70 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం కోర్ (రేడియేటర్‌లో నీళ్ల ట్యూబులూ రేకులూ ఉండే భాగం) తెప్పించి, బంపర్ లోపల నానా తంటాలు పడి ఇరికిస్తారు, అయినా నాలుగో ల్యాప్‌కి టెంపరేచర్ మళ్లీ పైకే పోతుంది. నేను చెప్పేది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లే బండి గురించి, రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 200 హార్స్‌పవర్ చుట్టుపక్కల, ముందు ఇంటర్‌కూలర్ (టర్బో ఇంజన్‌లోకి నొక్కి పంపే వేడి గాలిని చల్లబరిచేది), బయట గాలి 35 డిగ్రీలు అనుకుందాం.

కొనేముందు ఒక పని చేయండి. రేడియేటర్‌లోకి వెళ్లే పైపుకి ఒక సెన్సర్, బయటికొచ్చే పైపుకి ఒక సెన్సర్ పెట్టి రెండు టెంపరేచర్లూ చూడండి. 200 హార్స్‌పవర్ అంటే సుమారు 150 కిలోవాట్లు, ఫుల్ త్రాటిల్‌లో నీళ్లలోకి పోయే వేడి ఒక 90 కిలోవాట్లు అనుకుంటే, పంపు నిమిషానికి 100 లీటర్లు తిప్పుతుంటే నీళ్లు రేడియేటర్ దాటేసరికి 13 డిగ్రీల దాకా చల్లబడాలి. ఇంజన్ కాగిపోతూ ఉండగా ఈ తేడా 20 దాటిందంటే నీళ్లు సరిగ్గా తిరగట్లేదు, అంటే పంపో, సన్న పైపో, లోపల ఇరుక్కున్న గాలో. అదే తేడా ఐదారు డిగ్రీలే ఉండి ఇంజన్ మాత్రం వేడిగా ఉంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, గాలే తగలట్లేదు. మొదటి రకం రోగానికి ఎంత లావు రేడియేటర్ వేసినా డబ్బులు దండగ.

ఇప్పుడు 70 మిల్లీమీటర్ల కోర్, 40 మిల్లీమీటర్ల కోర్ పక్కపక్కన పెట్టి చూద్దాం. లావు దాంట్లో గాలి ముందు సగం దాటేసరికే వేడెక్కిపోతుంది కాబట్టి వెనక సగం చేసే పని తక్కువ, పైగా అంత మందంలోంచి దూరడం కష్టమై గాలి పక్క సందుల్లోంచి జారిపోతుంది, గాలికి ఎప్పుడూ సులువైన దారే కావాలి కదా. స్లో కార్నర్లలో ఫ్యాన్ కూడా దాన్ని లాగలేదు. 40 మిల్లీమీటర్ల కోర్‌కి చుట్టూ అల్యూమినియం షీట్‌తో డక్ట్ (గాలిని దారి పట్టించే గొట్టం) కట్టి, కోర్ అంచుకీ డక్ట్‌కీ మధ్య వేలు దూరే సందు కూడా లేకుండా ఫోమ్ అంటిస్తే, ముందు నోరు కోర్ వైశాల్యంలో మూడో వంతు ఉన్నా సరిపోతుంది, ఎందుకంటే డక్ట్ లోపల వెడల్పయ్యే కొద్దీ గాలి వేగం తగ్గి ఒత్తిడి పెరిగి అదే కోర్‌లోంచి తోసుకుంటూ వెళ్తుంది. వెళ్లిన గాలి బయటికి రావడానికి బానెట్‌లో వెంట్ కూడా కావాలి, లేకపోతే ఇంజన్ బే అంతా నిండిపోయి ముందు గాలిని ఆపేస్తుంది. బానెట్ కోయడానికి మనసు ఒప్పదు, తెలుసు, కానీ లావు కోర్ కంటే ఇది చవక. నా ఓటు 40కే.

ఇంటర్‌కూలర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది రేడియేటర్ ముందు ఉంటే దాని వేడి గాలే రేడియేటర్‌కి తగులుతుంది. నీళ్లు 100, గాలి 35 అంటే మధ్యలో 65 డిగ్రీల తేడా ఉంది, ఇంటర్‌కూలర్ గాలిని ఒక 12 డిగ్రీలు వేడి చేస్తే మిగిలేది 53, అంటే రేడియేటర్ సత్తాలో దాదాపు ఐదో వంతు అక్కడే హరీ. చోటుంటే రెండిటికీ గాలిని విడగొట్టి ఇవ్వండి.

సింగిల్ పాసా, డ్యూయల్ పాసా? సింగిల్‌లో నీళ్లు రేడియేటర్‌ని ఒక్కసారే దాటి బయటికొస్తాయి, డ్యూయల్‌లో ఒకసారి అటు వెళ్లి మళ్లీ ఇటు వస్తాయి, పైపులు రెండూ ఒకే వైపు ఉండటం సౌకర్యమే, కానీ ట్యూబుల్లో వేగం రెట్టింపు, దూరం రెట్టింపు, కాబట్టి అదే నీళ్లు తోయడానికి పంపు మీద భారం ఏడు రెట్లు దాటొచ్చు. స్టాక్ పంపుతో అయితే సింగిల్ పాసే.

అల్యూమినియమా, రాగా అంటే రాగికి వేడి లాగే గుణం ఎక్కువే, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చిల్లు పడితే సోల్డరింగ్ పెట్టేవాళ్లూ దొరుకుతారు, కానీ బరువు బండికి అన్నిటికంటే ముందు కొసన పడుతుంది. ట్రాక్‌కి అల్యూమినియమే.

కూలెంట్ దగ్గర మాత్రం చాలామంది పొరపాటు పడతారు. సగం గ్లైకాల్ (కంపెనీ కూలెంట్‌లో ఉండే రసాయనం) సగం నీళ్లు కలిపితే వేడి మోసే శక్తి మంచి నీళ్ల కంటే పది శాతం పైనే తగ్గుతుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి గ్లైకాల్ పని ఇక్కడ మరుగు పాయింట్ పెంచడం, తుప్పు ఆపడం, అంతే. లోపలి ఒత్తిడిని 1.1 బార్ దాకా ఆపి ఉంచే క్యాప్ (మూత) పెడితే ఉత్త నీళ్లే 120 డిగ్రీల దాకా మరగవు. అందుకే ట్రాక్ బండికి డిస్టిల్డ్ వాటర్, అందులో తుప్పు ఆపే అడిటివ్, ఇది మేలు. గ్లైకాల్ ట్రాక్ మీద కారితే జారుడుబల్లే, చాలా రేసుల్లో ఒప్పుకోరు కూడా. రోజూ ఆఫీసుకి కూడా అదే బండి వేసుకెళ్లి ఏడాదికోసారి ట్రాక్‌కి వెళ్లేవాళ్లు మాత్రం కంపెనీ కూలెంటే ఉంచుకోండి, అడిటివ్ మార్చడం ఎవరికీ గుర్తుండదు. బోరు నీళ్లు మాత్రం ఎవరూ పోయకండి, ఉప్పు పేరుకుంటుంది.

హెడర్ ట్యాంక్, అంటే నీళ్లలో ఇరుక్కున్న గాలిని వదిలించే చిన్న ట్యాంక్, అన్నిటికంటే ఎత్తులో ఉండాలి, హెడ్ (ఇంజన్ పై భాగం) నుంచి, రేడియేటర్ పై మూల నుంచి సన్న బ్లీడ్ పైపులు అందులోకి రావాలి, అడుగు నుంచి లావు పైపు పంపు పీల్చుకునే వైపుకి వెళ్లాలి. క్యాప్ కూడా ఈ ట్యాంక్ మీదే ఉండాలి. రేడియేటర్ వేడి వైపు పెడితే హై ఆర్‌పీఎంలో పంపు ఒత్తిడి కూడా కలిసి క్యాప్ ముందే తెరుచుకుంటుంది. థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే వాల్వ్) పీకేస్తే చల్లగా ఉంటుందనేది కూడా అన్ని ఇంజన్లకీ నిజం కాదు, బైపాస్ (నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోకే తిరిగొచ్చే దారి) మూసే బాధ్యత థర్మోస్టాట్‌దే అయిన ఇంజన్లలో పీకేస్తే సగం నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగొస్తాయి.

ఇక ఎలక్ట్రిక్ పంపు. ఇంజన్ ఆగినా తిరగడం దాని గొప్ప, కానీ ల్యాప్ మధ్యలో ఫ్యూజ్ పోతే హెడ్ పోయినట్టే. మెయిన్ పంపు బెల్టుదే ఉంచేసి, టర్బో నీళ్ల లైన్‌కి మాత్రం చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టి, పిట్‌లో బండి ఆపాక కొన్ని నిమిషాలు తిరిగేలా టైమర్ పెట్టుకుంటే చాలు.