కారు మీద పురుగుల మరకలు: నాలుగేళ్లలో నేను వాడి చూసిన మందులు

విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరానికి నెలకు రెండుసార్లు, పదహారో నంబరు జాతీయ రహదారి మీద, చాలావరకు రాత్రిపూటే కారు నడుపుతాను. సుమారు 190 కిలోమీటర్ల దారి. అనకాపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా పొలాలే కాబట్టి, తొలకరి వానలకు ఉసిళ్ళు, కార్తీక మాసం ముందూ వెనుకా దీపాల మీద పడే పచ్చదోమ బంపరుకు, బానెట్ ముందు అంచుకు, అద్దానికి పొరలా అంటుకుపోతాయి. నా కారు ముదురు నీలం రంగుది కావడంతో ఏ మరకా దాగదు. ఈ నాలుగేళ్లలో వీటిని వదిలించడానికి దొరికిన సాధనాలన్నీ వాడి చూశాను.

మొదటి ఏడాది మా మామయ్యగారు చెప్పినట్టు కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. తారు చుక్కలు చక్కగా పోయాయి కానీ పురుగుల మరకలు మెత్తబడలేదు సరికదా, జిడ్డు మాత్రం మిగిలింది. ఎండిన పురుగులో గట్టిగా పట్టుకుని ఉండేది మాంసకృత్తులు. అవి పెట్రోలియం నూనెల్లో కరగవు, నీటికీ సబ్బుకూ నానుతాయి. తారు తీసే స్ప్రేల విషయంలోనూ ఇదే జరిగింది కాబట్టి, వాటిని తారుకే ఉంచుకోవడం మంచిది. గిన్నెలు తోమే ద్రవం మరకను కొంత లాగుతుంది కానీ, రంగును కాపాడడానికి కష్టపడి పూసుకున్న వాక్స్ పూతను కూడా తనతో తీసుకుపోతుంది.

ఇక మిగిలినవి మూడు: మామూలు కారు షాంపూ, క్షారగుణం ఉన్న ఘాటైన పురుగుల క్లీనర్, ఎంజైములతో (మాంసకృత్తులను విడగొట్టే పదార్థాలతో) పనిచేసే క్లీనర్. నిరుడు ఒక ప్రయాణం నుంచి తెల్లవారుజామున ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంటుకు చేరగానే, బంపరును టేపుతో మూడు భాగాలు చేసి, ఒక్కో దానికి ఒక్కోటి వాడాను. ఘాటైన క్లీనర్ కొట్టిన రెండు నిమిషాలకే నురుగు గోధుమ రంగుకు తిరిగి, రెక్కల ముక్కలతో సహా కిందికి జారింది. ఎంజైము రకానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. అప్పటికీ దట్టంగా ఉన్న రెండు చోట్ల వేలితో మెల్లగా కదపవలసి వచ్చింది. షాంపూ నీటిలో ముంచిన మందపాటి గుడ్డను పావుగంట పరిచి ఉంచితే ముప్పాతిక వంతు పోయింది. అయితే తరువాత నీళ్లు చల్లి చూసినప్పుడు అసలు తేడా కనిపించింది. ఎంజైము భాగంలోనూ షాంపూ భాగంలోనూ నీరు ముత్యాల్లా గుండ్రంగా నిలిచింది. ఘాటైన క్లీనర్ వాడిన చోట పలుచగా పరుచుకుంది, అంటే అక్కడ వాక్స్ పోయింది.

అందుకే నా ఓటు ఎంజైము రకానికే. ధర ఎక్కువైనా ఒక సీసా నాకు అయిదు నెలలు వస్తుంది. రెండు మూడు రోజులు ఆలస్యమై మరక బిగిసిపోయినప్పుడు మాత్రమే ఘాటైన దాన్ని నీళ్లు కలిపి వాడి, ఆ వెంటనే మళ్లీ వాక్స్ పూస్తాను. దీన్ని ఎండలో వాడరాదు. ఒకసారి తుని దగ్గర హోటల్ ముందు, పదకొండు గంటల ఎండలో, వేడెక్కిన బానెట్ మీద చల్లి టిఫిన్ చేసి వచ్చేసరికి అది ఆరిపోయి తెల్లటి చారలు కట్టింది. వాటిని పోగొట్టడానికి పాలిష్ పట్టించవలసి వచ్చింది. హెడ్‌లైట్ల మీదికి కూడా దీన్ని పోనివ్వను, వాటి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ మసకబారుతుందనే భయంతో.

ఏ సీసా కొన్నామన్న దానికంటే ఎంత త్వరగా కడిగామన్నదే రంగును కాపాడుతుందని అనుభవం మీద నమ్ముతున్నాను. కుళ్లే పురుగు ఆమ్లంగా మారుతుంది. రంగు మీద ఉండే పారదర్శకమైన పైపొర, అంటే క్లియర్ కోట్, ఎండకు వేడెక్కినప్పుడు ఆ ఆమ్లం అందులోకి దిగి దాన్ని తినేస్తుంది. ఆ పొర మందం వెంట్రుక కంటే తక్కువ. మన విశాఖలో దీనికి మరో చిక్కు ఉంది: సముద్రపు గాలికి కారు మీద ఉప్పూ ఇసుకా చేరతాయి కనుక, ముందు ధారగా నీళ్లు పోయకుండా గుడ్డ పెడితే గీతలు పడతాయి. బోరు నీటితో కడిగి ఆరనిస్తే తెల్ల చుక్కలు మిగులుతాయి కాబట్టి, చివరి కడుగు కుళాయి నీటితో చేసి, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దుతాను.

ఒకసారి తొందరలో ఉండి బయట కడిగించాను. పనిచేసే కుర్రవాడు "రుద్దితే పోతుంది సార్" అంటూ గిన్నెలు తోమే పచ్చ పీచు తీశాడు. నేను వారించేలోపే నాలుగు సార్లు రుద్దేశాడు. మరక పోయింది, గుండ్రటి సన్న గీతలు ఉండిపోయాయి. అప్పటి నుంచి ప్రయాణానికి ముందురోజు సాయంత్రం బంపరుకు, బానెట్ అంచుకు పలుచగా వాక్స్ పూస్తున్నాను; ఆ పూత ఉన్నప్పుడు తెల్లవారి మరకలు సగం సేపట్లోనే వదులుతున్నాయి. డిక్కీలో రెండు లీటర్ల నీళ్ల సీసా, ఎంజైము స్ప్రే, రెండు గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. ఇంటికి చేరేసరికి ఎంత అలసిపోయినా, తడి గుడ్డను బంపరు మీద పరిచాకే పైకి వెళ్తాను.