చిన్న ఐపీ బ్లాక్ కొంటున్నారా? రివర్స్ డీఎన్ఎస్ ఎవరి చేతిలో ఉందో ముందే తేల్చుకోండి

లీజ్డ్ లైన్‌తో పాటు స్టాటిక్ ఐపీలు తీసుకుని సొంత మెయిల్ సర్వర్ పెట్టుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. రివర్స్ డీఎన్ఎస్ అంటే ఐపీ అడ్రస్ ఇస్తే దాని పేరేంటో చెప్పే ఏర్పాటు. ప్రొవైడర్ పేరు మాత్రం అడగొద్దు.

విజయవాడలో మా ఆఫీసుకి స్లాష్ 29 బ్లాక్ తీసుకున్నాం. లెక్కకి 8 ఐపీలు. నెట్‌వర్క్‌కి ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కి ఒకటి, వాళ్ల గేట్‌వేకి ఒకటి పోగా మన చేతికొచ్చేవి 5. అది తెలిసే కొన్నాం, దాంతో గొడవ లేదు. "రివర్స్ డీఎన్ఎస్ పెడతారా?" అని అడిగితే సేల్స్ అబ్బాయి "అన్నీ ఫ్రీ సార్" అన్నాడు. ఆ మాట నమ్మి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేశాను.

లైన్ వచ్చిన మర్నాడే మెయిళ్లు తిరుగుటపాలో రావడం మొదలైంది. జీమెయిల్ 550-5.7.25 అని తిప్పికొట్టింది, అంటే పంపిన ఐపీకి సరైన పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ పేరేంటో చెప్పే రికార్డు) లేదని. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "మీ డొమైన్ ప్యానెల్‌లో పెట్టుకోండి సార్" అన్నారు. అక్కడ ఎన్ని రికార్డులు పెట్టినా ఉపయోగం లేదండీ. పేరు నుంచి ఐపీకి వెళ్లే రికార్డు మనది. ఐపీ నుంచి పేరుకి వచ్చేది ఆ ఐపీలు ఎవరికి కేటాయించారో వాళ్ల జోన్‌లో (రికార్డుల జాబితాలో) ఉండాలి. పైగా ఆ జోన్లు ఐపీలో చుక్కలున్న చోటే విడతాయి. అందుకే స్లాష్ 24 (256 ఐపీల బ్లాక్) కన్నా చిన్న ముక్కని మామూలు పద్ధతిలో మన నేమ్‌సర్వర్‌కి (రికార్డులు అడిగితే జవాబిచ్చే సర్వర్‌కి) అప్పగించడం కుదరదు. వాళ్లే పీటీఆర్ రాయాలి, లేదంటే 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2317 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ప్రకారం ఒక్కో ఐపీకి సీనేమ్ (వేరే పేరుకి మళ్లించే రికార్డు) రాసి మన జోన్‌కి మళ్లించాలి. ఆ నంబరు చెబితే "అది మీ ప్లాన్‌లో లేదు సార్" అన్నారు!

రెండు వారాలు తిప్పాక అసలు సంగతి బయటపడింది. ఆ ఐపీలు వాళ్లవే కావు, ఇంకో పెద్ద కంపెనీ దగ్గర తీసుకుని మాకు ఇచ్చారు. చివరికి పీటీఆర్ పడింది. చూస్తే మా మెయిల్ సర్వర్ పేరుకి తోకలాగా ఇన్-యాడర్.ఆర్పా (రివర్స్ జోన్ల పేర్ల చివర ఉండేది) జోన్ పేరంతా అతుక్కుని ఉంది. పేరు చివర చుక్క పెట్టడం మర్చిపోయారు, అది లేకపోతే జోన్ పేరు దానంతటదే అతుక్కుంటుంది. ఆ ఒక్క చుక్క కోసం ఇంకో నాలుగు రోజులు. దిద్దాక కూడా టీటీఎల్ (పాత జవాబుని ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె) 86400 కాబట్టి పాత జవాబే కొన్నిచోట్ల ఒక రోజంతా తిరిగింది. అన్నాళ్లూ కస్టమర్ల ఇన్‌వాయిస్‌లు వేరే రిలేకి (మన తరఫున మెయిళ్లు పంపిపెట్టే సర్వీసుకి) డబ్బు కట్టి పంపుకున్నాం.

డబ్బు కట్టకముందే మీకు ఇవ్వబోయే ఐపీలు అడిగి 'డిగ్ మైనస్ ఎక్స్' (డీఎన్ఎస్‌ని ఐపీతో అడిగే కమాండ్) కొట్టి చూడండి. పీటీఆర్ లేకపోయినా ఎస్ఓఏ (జోన్ వివరాలుండే రికార్డు) లైన్‌లో ఆ జోన్ ఎవరి నేమ్‌సర్వర్‌లో ఉందో కనబడుతుంది. అక్కడ మీకు అమ్మే కంపెనీ కాక ఇంకెవరో ఉంటే ప్రతి మార్పుకీ ఇలాగే తిరగాల్సి రావచ్చు. పీటీఆర్ ఎన్ని రోజుల్లో పెడతారో, మార్పుకి ఎంత తీసుకుంటారో పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. నోటిమాట చెల్లదు.

మిగతా నెలల డబ్బు వెనక్కి ఇమ్మంటే 'నాన్ రిఫండబుల్' అని జవాబిచ్చారు. ఆ మెయిల్ మాత్రం ఐదు నిమిషాల్లో వచ్చింది.