ఎలక్ట్రమ్‌లో పాత ప్రైవేట్ కీలు: ఇంపోర్ట్ కన్నా స్వీపే మేలు

కొన్నేళ్లుగా నా బిట్‌కాయిన్ వ్యవహారమంతా ఎలక్ట్రమ్‌తోనే. 2011 నుంచీ ఉన్న వాలెట్. సాదాసీదాగా ఉంటుంది, హంగులు కోరుకునేవాళ్లకు నచ్చదు. నేను మాత్రం వదల్లేదు. కాగితం మీదో, పాత ఫైల్లోనో మిగిలిపోయిన ప్రైవేట్ కీల (బిట్‌కాయిన్ ఖర్చు పెట్టనిచ్చే రహస్య తాళంచెవుల) పని ఇందులో తేలిగ్గా తెమిలిపోతుంది.

దానికి రెండు దారులు. కొత్త వాలెట్ తెరిచేటప్పుడు కీని ఇంపోర్ట్ చెయ్యొచ్చు. లేదంటే ఉన్న వాలెట్‌లోనే మెనూలో ప్రైవేట్ కీస్ కిందున్న స్వీప్ నొక్కొచ్చు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. ఇంపోర్ట్ చేస్తే డబ్బు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, తాళంచెవికి ఇంకో నకలు తయారవుతుంది. ఆ కీని ఇదివరకే ఎవరైనా చూసి ఉంటే వాళ్లూ ఖర్చు పెట్టేయగలరు. పైగా అలా తెరిచిన వాలెట్‌కు సీడ్ పదాలే (వాలెట్‌ను తిరిగి తెచ్చుకునే పదాల వరస) ఉండవు. ఫైలూ కీ రెండూ పోతే ఇక అంతే సంగతులు. మెటామాస్క్ అనే మరో క్రిప్టో వాలెట్‌లోనూ ఇంతే, విడిగా ఇంపోర్ట్ చేసిన అకౌంట్ రికవరీ పదాలతో తిరిగి రాదు.

స్వీప్ చేస్తే ఆ కీ కింద ఉన్న మొత్తమంతా ఒకే ట్రాన్సాక్షన్‌తో మన సీడ్ వాలెట్‌లోని అడ్రసుకు వచ్చేస్తుంది. ఫీజు పోతుంది, పోనీండి. పాత అడ్రసు నాదేనని చూపడానికి దానితో మెసేజ్ సైన్ చేయాల్సిన అవసరం ఉంటే తప్ప నేను ఇంపోర్ట్ జోలికి వెళ్లను.

ఎక్కువమంది గాభరాపడేది ఇక్కడ: కీ సరిగ్గానే ఇచ్చినా వాలెట్ ఏమీ దొరకలేదంటుంది. డబ్బు ఎక్కడికీ పోదు, అడ్రసు రకం తేడా అంతే. ఒకే కీ నుంచి 1తో మొదలయ్యే అడ్రసూ, 3తో మొదలయ్యేదీ, ‘బీసీ1’తో మొదలయ్యేదీ పుట్టొచ్చు. ఉత్త కీ ఇస్తే ఎలక్ట్రమ్ 1 రకమే వెతుకుతుంది. బీసీ1 అడ్రసైతే కీకి ముందు ‘పీ2డబ్ల్యూపీకేహెచ్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా కీ ఇవ్వాలి.

చేత్తో కొట్టేవాళ్లకు ఒక ఊరట. కె లేదా ఎల్‌తో మొదలయ్యే కీలో 52 అక్షరాలుంటాయి, అందులో సున్నా గానీ పెద్ద ‘ఓ’ గానీ ఉండవు. కాబట్టి గుండ్రంగా కనిపించేది చిన్న ‘ఓ’నే. ఎక్కడైనా తప్పు కొడితే చెక్‌సమ్ (కీలోనే ఉండే, తప్పు పట్టే లెక్క) కలవక వాలెట్ కీని ఒప్పుకోదు. కాపీ, పేస్ట్ కన్నా నాకు ఇదే నయం, క్లిప్‌బోర్డును ఏ యాప్ చదువుతోందో ఎవరికెరుక! కీని ఫోనుతో ఫొటో తీశారంటే అది క్లౌడ్‌కు చేరిందనే లెక్క.

డౌన్‌లోడ్ దగ్గరా జాగ్రత్తే. 2018 చివర్లో మోసగాళ్లు సొంత సర్వర్లు పెట్టి, పాత వెర్షన్ వాడేవాళ్లకు ‘అప్‌డేట్ చేసుకోండి’ అంటూ నకిలీ వాలెట్ అంటగట్టారు. అందుకే నేను అధికారిక సైటులోనే తీసుకుని, డెవలపర్ల డిజిటల్ సంతకం సరిచూశాకే ఇన్‌స్టాల్ చేస్తాను.

2017 ఆగస్టు 1కి ముందు నుంచే కాయిన్లున్న కీ అయితే, ఆ తర్వాత వాటిని కదపకుండా ఉంటే, దాని మీద ఆ రోజు బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ కూడా ఉంటుంది. ముందు బిట్‌కాయిన్ స్వీప్ చేసి, కన్‌ఫర్మ్ అయ్యాకే ఆ కీని బిట్‌కాయిన్ క్యాష్ వాలెట్‌లో పెట్టండి. కాగితాన్ని అప్పటిదాకా చించకండి.